ఇంగ్లీషులో ‘రాను’ అనడం, ‘రాడు’ అనడం: ఒక స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు రివ్యూ

ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి చేరే స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు ఇది. మొత్తం కోర్సు గురించి రాయడం లేదు, అందులో ‘కాదనడం, జరగదనడం’ అనే భాగం గురించి మాత్రమే రాస్తున్నాను, ఎందుకంటే మిగతా భాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, ఇది మాత్రం ఇంత బాగా చెప్పినవాళ్లని నేను చూడలేదు. కొనాలా వద్దా అని అడిగితే: ఇంగ్లీషు కాస్తోకూస్తో వచ్చి, తప్పు లేకుండానే మాట్లాడినా అవతలివాళ్లు ఎందుకు నొచ్చుకుంటున్నారో అర్థం కానివాళ్లు తప్పకుండా కొనండి. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టేవాళ్లకి మాత్రం వద్దు.

బళ్లో మనకి ‘విల్’ అంటే జరగబోయేది, ‘విల్ నాట్’ అంటే జరగనిది అని చెప్పి వదిలేశారు. ఈ కోర్సులో ‘హీ వోంట్ కమ్’ అనే ఒక్క వాక్యాన్ని రెండు సంభాషణల్లో వినిపిస్తారు. ఒకదాంట్లో మనిషి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు, ఇక రాడు, మీటింగ్ మొదలుపెట్టేద్దాం అంటున్నారు. ఇంకోదాంట్లో ఎంత బతిమాలినా ససేమిరా అంటున్నాడు. మాటలు అక్షరం తేడా లేకుండా అవే. తెలుగులో ‘రాడు’ కూడా రెంటికీ సరిపోతుంది గానీ, మొండికేశాడని తెలియాలంటే మనం ‘రానంటున్నాడు’ అని అతని మాటని అతని నోట్లోనే పెట్టేస్తాం. ఇంగ్లీషులో ఆ పని చాలాసార్లు గొంతు చేస్తుంది, ‘వోంట్’ మీద ఒత్తు పడిందంటే అది అంచనా కాదు, మొండితనం. ఈ తేడా పుస్తకంలో చదివితే ఎక్కదు, వినాల్సిందే. ‘ఐ వోంట్ టెల్ ఎనీవన్’ అంటే మాట ఇవ్వడం, ‘వోంట్ యు సిట్ డౌన్’ అంటే మర్యాదగా కూర్చోమనడం, అవి కూడా ఇక్కడే వస్తాయి.

తర్వాతి పాఠం నాకు ఇంకా నచ్చింది. ‘ది డోర్ వోంట్ ఓపెన్’. తలుపుకి ఇష్టాయిష్టాలు ఉండవు కదా అనుకోకండి, మనం కూడా ‘బండి స్టార్ట్ కానంటోంది’ అంటాం, కాబట్టి తెలుగువాళ్లకి ఇది ఇట్టే పట్టుబడుతుంది. జరిగిపోయినదైతే ‘ది కార్ వుడంట్ స్టార్ట్’. ఇక్కడొక మెలిక ఉంది. చివరికి స్టార్ట్ అయిందని చెప్పాలంటే ‘వుడ్ స్టార్ట్’ అనకూడదు, ‘స్టార్టెడ్’ అనాలి. ‘వుడ్ స్టార్ట్’ అంటే అప్పట్లో ఎప్పుడూ స్టార్ట్ అవుతుండేది అన్నట్టు వినిపిస్తుంది. ఒక్కసారి మొరాయించినదానికి ‘వుడంట్’ పనికొస్తుంది, ఒక్కసారి మాట విన్నదానికి ‘వుడ్’ పనికిరాదు.

అసలు డబ్బు పెట్టదగ్గ పాఠం, మర్యాదగా కాదనడం గురించి చెప్పినది. ఆఫీసులో ఎవరైనా పిలిస్తే మనవాళ్లు వ్యాకరణం చూసుకుని ‘ఐ వోంట్ కమ్’ అనేస్తారు. వాక్యం సరైనదే, కానీ వినేవాళ్లకి మొహం మీద తలుపు వేసినట్టు ఉంటుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు ‘ఐ వోంట్ బి ఏబుల్ టు కమ్’ అంటారు, ‘ఐయామ్ అఫ్రైడ్ ఐ కాంట్’ అంటారు, లేదా ‘ఐ డోంట్ థింక్ ఐ కెన్ మేక్ ఇట్’ అంటారు. చివరిది చూడండి, తను వస్తాడో రాడో తనకే తెలియనట్టు జోస్యం చెప్పుకుంటున్నాడు, కానీ అది రాననడమే. దాన్ని ‘రావచ్చేమో’ అని అర్థం చేసుకుని మళ్లీ మళ్లీ అడిగేవాళ్లున్నారు, దాంతో ఇద్దరికీ ఇబ్బంది. మనకి ‘రాను’కీ ‘రాలేనండి’కీ తేడా పుట్టుకతోనే తెలుసు, అదే చెవిని ఇంగ్లీషులోకి పట్టుకెళ్లమని ఈ పాఠం నేర్పుతుంది.

జరగదని చెప్పడం గురించిన పాఠం మాత్రం హడావిడిగా ముగించారు. మబ్బుల్లేని ఆకాశం చూసి ‘ఇట్స్ నాట్ గోయింగ్ టు రెయిన్’ అంటే మన ‘వాన పడేలా లేదు’, ఆధారమేమీ చూపించకుండా ‘ఇట్ వోంట్ రెయిన్’ అంటే ‘పడదు’, ‘ఇట్ మే నాట్ రెయిన్’ అంటే ‘పడకపోవచ్చు’. ఇంత చక్కగా జత కుదిరేదాన్ని తెలుగు వివరణలో ఒక్క ముక్కలో తేల్చేసి, బదులుగా ‘షాల్ నాట్’ని కుదించిన ‘షాంట్’ మీద ఒక పాఠమంతా పెట్టారు. అది బ్రిటిష్ ఇంగ్లీషులోనే పాతబడిపోతున్న మాట, రోజువారీ మాటల్లో దాని అవసరం ఎంత?

ఉచ్చారణ అభ్యాసం బాగుంది. ‘వాంట్’, ‘వోంట్’ ఫోన్లో కలిసిపోతే కావాలన్నది వద్దన్నట్టు వినిపిస్తుంది. అచ్చు సాగదీయడం నేర్పుతూనే, ఒకటి అనుమానంగా వినిపిస్తే వెనక ‘టు’ ఉందో లేదో చూడమంటారు, ‘వాంట్’ తర్వాత క్రియ రావాలంటే ‘టు’ కావాలి, ‘వోంట్’ తర్వాత నేరుగా వచ్చేస్తుంది. ‘విల్ నాట్’ కుదిస్తే ‘వోంట్’ ఎలా అయిందనేది కూడా చెప్పారు, మధ్యయుగాల ఇంగ్లీషులో ‘విల్’కి ‘వోల్’ అనే రూపం ఉండేదట, అందులోంచి మిగిలిందిది. నాకు ఇలాంటివి తెలిస్తే మాట గుర్తుండిపోతుంది.

ఇక కోపం తెప్పించింది, జవాబులు దిద్దే పద్ధతి. ‘అతను రాడనుకుంటా’ని ఇంగ్లీషులో చెప్పమంటే ‘ఐ డోంట్ థింక్ హీ విల్ కమ్’ అని రాశాను, తప్పని ఎర్రగీత పెట్టింది. దానికి కావాల్సింది ‘ఐ థింక్ హీ వోంట్ కమ్’. ఇది కూడా తప్పు కాదు, కానీ మామూలు మాటల్లో కాదనడాన్ని ముందున్న ‘థింక్’ మీదికి జరపడమే అలవాటు, పైగా వాళ్ల ఆడియోలోనే అలా మాట్లాడారు! వినిపించేది ఒకటి, మార్కులిచ్చేది ఇంకోదానికి అయితే నేర్చుకునేవాడు దేన్ని నమ్మాలి? రెండూ ఒప్పుకునేలా సరిచేయమని రాశాను, ‘పరిశీలిస్తాం’ అని జవాబొచ్చింది, ఇది రాసేనాటికీ అదే ఎర్రగీత. అప్పటిదాకా ఆడియోలు వినండి, పరీక్షల మార్కులు పట్టించుకోకండి. కొనేముందు విషయసూచికలో ఈ భాగం మీ ప్యాకేజీలో ఉందో లేదో చూసుకోండి, అన్నిటికంటే చిన్న ప్యాకేజీలో ఇది లేదు.