అరకు ఘాట్‌రోడ్డు, రెండు యాత్రలు, ఒక లుంగీ

మొదటిసారి సైకిలు మీద అరకు బయల్దేరిన రోజు మా బావమరిది గుమ్మంలో నిలబడి, "ఏటి బావా, ఇల్లు గానీ ఖాళీ చేసేస్తన్నావేటి?" అన్నాడు. వాడి అనుమానం న్యాయమే. క్యారియరుకి చెరో పక్కా ఒక సంచి, పైన డేరా, హ్యాండిలుకి స్లీపింగ్ బ్యాగు. తూకం వేస్తే 13 కిలోల చిల్లర. ఇదంతా ఒక్క రాత్రి పడుకుని రావడానికి!

విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట (శృంగవరపుకోట) దాకా పెద్ద కష్టం లేదు. బొడ్డవర దాటాకే అసలు సంగతి. గాలికొండ చేరేసరికి సముద్రమట్టానికి సుమారు 1300 మీటర్ల ఎత్తుకొస్తాం. అక్కణ్ణుంచి అరకు లోయలోకి దిగుడు.

ఆ మొదటి యాత్రలో టైడా దాటాక ఓ మలుపులో వెనక చక్రం 'టింగు'మంది. స్పోకు తెగింది. రిమ్ము వంకరపోయి ప్రతి చుట్టుకీ బ్రేకుకి రాసుకోవడం మొదలెట్టింది. నా సంచిలో మడత కుర్చీ ఉంది, స్టవ్వు ఉంది, స్పోకు మాత్రం లేదు. చివరికి ఖాళీగా పోతున్న బొలేరో బండాయన 200 రూపాయలు తీసుకుని నా మూటలన్నీ అరకులో దించాడు. నేను బ్రేకు వదులు చేసుకుని, తొక్కుతూ కొంత, తోస్తూ కొంత చేరాను.

ఇంటికొచ్చాక లెక్క కట్టి చూస్తే నాకే నవ్వొచ్చింది. మోసిన 13 కిలోల్లో అక్కర్లేని 8 కిలోలని 1300 మీటర్లు ఎక్కించడానికి ఒంటికి ఖర్చయ్యేది దాదాపు 100 కేలరీలు. అంటే గుప్పెడు వేరుశనగలు కూడా అక్కర్లేదు. బరువు తగ్గిస్తే శక్తి మిగులుతుందని అందరూ చెప్పే మాట నిజమే గానీ, మిగిలేది అంతే. దెబ్బ తగిలేది మరోచోట. బరువంతా వెనక చక్రం మీద పడుతుంది, నిలబడి తొక్కితే సైకిలు పాములా ఊగుతుంది, టీకి ఆగి పర్సు తియ్యాలంటే మూట మొత్తం విప్పాలి.

రెండోసారి డిసెంబరులో వెళ్ళాను. కావాల్సినవన్నీ వంటింటి తూకం మీద ఒక్కొక్కటే పెట్టి చూశాను. డేరా, స్లీపింగ్ బ్యాగు, పరుపు కలిపి 4.5 కిలోలు. అవి తీసేసి లాడ్జి గది నమ్ముకున్నాను. రెండు జతల బట్టల బదులు ఒక జత, ఒక స్వెట్టరు, ఒక లుంగీ. ఈ లుంగీ గురించి రెండు ముక్కలు చెప్పాలి. 200 గ్రాముల నూలు గుడ్డ. స్నానానికి తువ్వాలు, గదిలో బట్టలు ఆరేదాకా కట్టుకునేది, లాడ్జి దుప్పటి మీద నమ్మకం లేకపోతే దానికీ మనకీ మధ్య అడ్డం. దీనికి సమానమైన వస్తువు సైకిళ్ళ దుకాణంలో ఏ ధరకీ దొరకదు.

రిపేరు సామాన్లలో మాత్రం పిసినారితనం వద్దు. రెండు ట్యూబులు, చిన్న పంపు, పంచర్ సామాను, చైను లింకు, ఈసారి నా చక్రం కొలతకి సరిపడే స్పోకులు రెండు ఫ్రేముకి టేపుతో అంటించి. మొత్తం తిండితో సహా 5 కిలోలు, సీటు వెనక ఒక సంచి, హ్యాండిలుకి ఒకటి.

తిండి విషయంలో మొదటిసారి చేసిన పొరపాటు స్టవ్వు. గ్యాసు డబ్బా, గిన్నె, నూడుల్సు కలిపి కిలో పైన. కొండగాలికి మంట మూడుసార్లు ఆరిపోయింది. ఎదురుగానే ఒకామె వేడివేడిగా కాఫీ అమ్ముతోంది. నన్ను చూసి, "ఏటి బాబూ, సైకిలు మీదొచ్చీసేవా? బస్సుకి డబ్బుల్లేవేటి?" అని జాలిపడింది. ఎస్.కోటలో టిఫిను, పైన డముకు, అనంతగిరి, గాలికొండ దగ్గర టీ కాఫీలు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు దొరికే రోడ్డు మీద పొయ్యి ఎందుకు? బొంగు చికెన్ కూడా దొరుకుతుంది గానీ, అది ఎక్కేటప్పుడు తినే వస్తువు కాదు. తిని పెడలు తొక్కినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

మోసుకెళ్ళాల్సింది రెండే. ఒకటి వేరుశనగ అచ్చులు, అంటే పల్లీ పట్టీలు. 100 గ్రాముల్లో 500 కేలరీల దాకా ఉంటాయి. అరటిపండులో అదే తూకానికి 90. అచ్చుని ఇంట్లోనే బొటనవేలంత ముక్కలు చేసి జేబులో వేసుకోవాలి. చలికి గట్టిపడ్డాక తొక్కుతూ కొరికితే పన్ను కదులుతుంది. రెండోది పులిహోర. మా ఆవిడ అరిటాకుని పొయ్యి సెగ మీద వాడ్చి, అందులో చల్లారిన పులిహోర పొట్లం కట్టి ఇచ్చింది. చింతపండు, నూనె బాగా పట్టిస్తే మధ్యాహ్నం దాకా ఢోకా లేదు. డముకు దగ్గర పిట్టగోడ మీద కూర్చుని విప్పేసరికి ఇంగువ వాసన. అంతసేపు చెమటోడ్చాక ఆ ఉప్పూ పులుపూ నాలిక్కి తగలడం వేరు. నీళ్ళకి 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు, ఒక ఓఆర్ఎస్ పొట్లం చాలు. ఆగిన చోటల్లా నింపుకోవచ్చు.

ఇక పడక. మొదటిసారి ఒక ప్రైవేటు క్యాంపులో సొంత డేరా వేసుకోవడానికి 400 తీసుకున్నారు. అర్ధరాత్రి దాకా బాక్సుల్లో పాటలు, తెల్లారేసరికి డేరా మంచుకి నానిపోయి ఇంకో అరకిలో బరువెక్కింది. రెండోసారి మంగళవారం లాడ్జి, 1000 రూపాయలు, బకెట్టు వేడినీళ్ళు. సైకిలు గదిలో పెట్టనివ్వనన్నాడు లాడ్జాయన. పాత పేపర్లు పరిచి దాని మీద నిలబెడతానంటే ఒప్పుకున్నాడు. అయితే శని, ఆదివారాల్లో, లోయలో పసుపుపచ్చని వలిసె పూలు పూసే కాలంలో ముందే గది మాట్లాడుకోకుండా వెళ్ళేవాళ్ళు డేరా మానెయ్యొద్దు. చలికాలంలో అరకులో పది డిగ్రీల కిందికి కూడా దిగుతుంది, బయట పడుకోవడం కుదరదు.

పొద్దున్న అవే పేపర్లు రెండు మడతలు చొక్కా లోపల గుండె మీద దోపుకున్నాను. గాలికొండ నుంచి దిగేటప్పుడు చలిగాలికి అంతకంటే తేలికైన జాకెట్టు లేదు. నావి రిమ్ముని పట్టే బ్రేకులు, దిగుడులో రాపిడికి రిమ్ము వేడెక్కుతుంది కాబట్టి మధ్యమధ్య ఆగి చల్లార్చుకుంటూ దిగాను. అలా ఆగిన ఒకచోట కాఫీ గింజలు వేయిస్తున్నారు. కిలో కాఫీ పొడి, ఒక తేనె సీసా, మా బావమరిది అడిగిన వెదురు గ్లాసులు నాలుగు తీసుకున్నాను. ఇంటి గుమ్మంలో మళ్ళీ వాడే ఎదురొచ్చాడు. సంచి ఎత్తి చూసి, "ఏటి బావా, వెళ్ళినప్పుడు తేలిగ్గానే వెళ్ళేవు కదా" అన్నాడు.