పాత మియాటాకి స్ట్రెయిట్ త్రూ సైలెన్సర్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

కొత్త సైలెన్సర్ బిగించిన వారంలోనే రాసే సమీక్షలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. సౌండ్ అదిరింది, బండికి ఊపొచ్చింది, పెట్టిన డబ్బు దండగ కాలేదు. అవి అబద్ధాలని అనను. కానీ లోపల సౌండ్ మింగే గ్లాస్ వూల్ (గాజు నారల దూది) కాలిపోయి, సైలెన్సర్‌ని వేలాడదీసే రబ్బర్లు సాగి, బోల్టులు తుప్పు పట్టాక అదే సైలెన్సర్ ఎలా ఉందో తిరిగొచ్చి చెప్పేవాళ్లు తక్కువ. ఇది ఆ తర్వాతి సంగతి.

బండి మాజ్దా ఎమ్‌ఎక్స్-5 మియాటా, 1989లో వచ్చిన మొదటి తరం, అందరూ ఎన్‌ఏ అని పిలిచేది. 1.6 లీటర్ల ఇంజిన్, ఐదు గేర్లు, టన్ను కూడా తూగదు. వెనకాల ఇరుసు దాటాక అడ్డంగా ఒక పెద్ద సైలెన్సర్, కుడివైపు బయటికొచ్చే ఒక్క గొట్టం, అంతే. ఈ కారు తయారు చేసేటప్పుడు కంపెనీ ఇంజినీర్లు ఎగ్జాస్ట్ సౌండ్ మీద ప్రత్యేకంగా కూర్చున్నారు, కాబట్టి అసలు సైలెన్సర్ బాగుంటే దాన్ని పీకేయాల్సిన అవసరం నాకైతే కనిపించదు. నా బండికి అది లేదు. అంతకుముందు ఎవరో వేసిన నాసిరకం సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు తిని, అడుగున చిల్లు పడింది. ఎలాగూ మార్చాలి కదా అని స్ట్రెయిట్ త్రూ రకం తీసుకున్నాను, అంటే గ్యాస్ నేరుగా పోయే చిల్లుల గొట్టం చుట్టూ గ్లాస్ వూల్ కూరినది.

పవర్ గురించి ఒక్క ముక్కలో తేల్చేస్తాను, ఎందుకంటే అందరూ ముందు అడిగేది అదే. కొత్తగా ఉన్నప్పుడే 115 హార్స్ పవర్ దగ్గర ఉన్న ఇంజిన్‌కి వెనక డబ్బా ఒక్కటి మార్చినంత మాత్రాన ఒంటికి తెలిసేంత తేడా రాదు. సౌండ్ పెరిగితే వేగం పెరిగినట్టు అనిపిస్తుంది, అది చెవి చేసే మాయ. కొంచెం బ్యాక్ ప్రెషర్ (బయటికి పోయే గ్యాస్‌కి గొట్టంలో ఎదురయ్యే ఒత్తిడి) ఉండాలి, లేకపోతే టార్క్ పడిపోతుంది అనే మాట కూడా వింటుంటాం. ఇంజిన్‌కి బ్యాక్ ప్రెషర్‌తో పని లేదు, గొట్టంలో గ్యాస్ వేగం తగ్గకుండా ఉంటే చాలు. అవసరానికి మించి లావు గొట్టం వేస్తే ఆ వేగమే తగ్గుతుంది. టర్బో లేని ఈ చిన్న ఇంజిన్‌కి రెండుంపావు అంగుళాల గొట్టం సరిపోతుంది, అంతకన్నా లావు వేస్తే వచ్చేది చప్పుడే.

అసలు కథ హోరు గురించి. ఐదో గేర్‌లో గంటకి 100 కిలోమీటర్ల దగ్గర ఈ బండి ఇంజిన్ నిమిషానికి సుమారు 3200 చుట్లు తిరుగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో చుట్టుకి రెండు పేలుళ్లు, అంటే సెకనుకి 107 దాకా. ఆ లోతైన గుయ్‌మనే ధ్వని చిన్న క్యాబిన్‌లో, పైన గుడ్డ టాప్ మూసి ఉన్నప్పుడు, చెవిలోని జోరీగలా పట్టుకుంటుంది. గట్టిగా ఉండదు, పక్కవాళ్లతో మాట్లాడొచ్చు, పాట కూడా వినబడుతుంది, కానీ రెండు గంటలు నడిపాక తల దిమ్మెక్కుతుంది. మా ఆవిడ అయితే లాంగ్ డ్రైవ్ అనగానే "ఆ కారేనా?" అని అడగడం మొదలుపెట్టింది.

ఇక్కడ తెలుసుకోవాల్సింది ఏంటంటే, గ్లాస్ వూల్ కీచుమనే సౌండ్లని బాగా మింగుతుంది, లోతైన హోరుని పెద్దగా పట్టించుకోదు. కాబట్టి హోరు తగ్గాలని మధ్యలో రెజొనేటర్, అంటే ఇంకో చిన్న స్ట్రెయిట్ త్రూ డబ్బా, వేస్తే, రేజ్ చేసినప్పుడు వచ్చే గరగర తగ్గుతుంది, హైవే మీద గుయ్‌మనడం మాత్రం అలాగే ఉంటుంది. నేను ముందు అదే వేయించుకున్నాను, నాకు గరగర కూడా నచ్చేది కాదు కనుక. ఆ పని అది చక్కగా చేసింది.

హోరుకి మందు వేరే. ప్రధాన గొట్టానికి పక్కగా, అంతే లావున్న ఇంకో గొట్టాన్ని అతికించి, దాని చివర మూసేస్తారు. ధ్వని తరంగం అందులోకి వెళ్లి, మూసిన గోడని కొట్టి వెనక్కొచ్చేసరికి ఎదురు తిరిగి ఉంటుంది, అసలు తరంగాన్ని చాలావరకు కొట్టేస్తుంది. దాని పొడవు ఆ తరంగం పొడవులో నాలుగో వంతు ఉండాలి. లెక్క తేలికే, కానీ చాలామంది మామూలు గాలిలో ధ్వని వేగం, సెకనుకి 343 మీటర్లు, వేసి లెక్క కడతారు. 107 పేలుళ్లకి అలా చూస్తే 80 సెంటీమీటర్లు వస్తుంది. గొట్టంలో ఉండేది వేడి గ్యాస్. 280 డిగ్రీల సెల్సియస్ దగ్గర ధ్వని వేగం 470 మీటర్ల దాకా పోతుంది, అప్పుడు కావాల్సిన పొడవు సుమారు 1.1 మీటర్లు. ఆ ముప్పై సెంటీమీటర్ల తేడాతో గొట్టం ఎందుకూ కొరగాకుండా పోతుంది. మూసిన గొట్టంలో గ్యాస్ పారదు కాబట్టి చివర కాస్త చల్లగానే ఉంటుంది. అందుకే చివరి మూతని వెంటనే వెల్డ్ చేయకుండా, జరిపే వీలుండేలా క్లాంపుతో పెట్టి, నడిపి చూసి, పొడవు కుదిరాక శాశ్వతంగా మూయడం మేలు.

మియాటా కింద మీటరు పైచిలుకు గొట్టానికి చోటెక్కడిది? తిన్నగా పెడితే పట్టదు. వెల్డింగ్ చేసిన మేస్త్రీ దాన్ని వెనక్కి వంచి, ప్రధాన గొట్టం పక్కనే పోనిచ్చాడు. వంపు ఉన్నా పని చేస్తుంది, పొడవు మధ్య గీత వెంబడి కొలవాలి. ఫలితం మాత్రం నమ్మలేనంత. 3200 దగ్గర హోరు దాదాపు మాయమైంది, సౌండ్ స్వభావం ఏమీ మారలేదు, రేజ్ చేస్తే అదే గొంతు. అయితే ఇది ఒక ఇరుకైన పరిధిలోనే పని చేస్తుంది. 2500 దగ్గర మెల్లగా పోతుంటే హోరు ఇంకా కాస్త ఉంది. అది నాకు ఓకే, ఎందుకంటే ఆ వేగంలో గంటలకొద్దీ ఎవరూ నడపరు. మీరు ఎక్కువగా ఏ వేగంలో పోతారో చూసుకుని దానికి తగ్గట్టు లెక్క వేసుకోవాలి, నా కొలత మీకు కుదరకపోవచ్చు.

తర్వాతి గొడవ గ్లాస్ వూల్‌ది. కొత్తలో గంభీరంగా ఉన్న సౌండ్ ఏళ్లు గడిచేకొద్దీ పలచబడి, రేకు డబ్బా మోత మొదలవుతుంది. రోజూ వింటున్న చెవికి ఈ మార్పు తెలియదు, అంత నెమ్మదిగా వస్తుంది. కనిపెట్టడానికి సులువైన దారి ఉంది: బండి చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్‌ని వేలి కణుపుతో కొట్టాలి. నిండుగా ఉంటే దబ్ దబ్ మంటుంది, ఖాళీ అయిన చోట టంగుమంటుంది. నాదాంట్లో ముందు వైపు, వేడి గ్యాస్ లోపలికొచ్చే దగ్గర, టంగుమంది. ఆ చోటే పైన స్టీలు నీలి రంగుకి తిరిగింది. గొట్టం చివర బూడిద రంగు నూగు కూడా అంటుకుని ఉంది.

అదృష్టం ఏంటంటే నేను తీసుకున్నది రివెట్లతో మూసినది. రివెట్లు డ్రిల్ చేసి మూత తీస్తే లోపల ముందు సగంలో వూల్ లేనే లేదు, మిగిలింది ముట్టుకుంటే పొడి అయిపోయింది. ఈసారి చిల్లుల గొట్టానికి ముందు స్టెయిన్‌లెస్ స్టీల్ వూల్ ఒక పొర చుట్టి, దానిమీద పొడవు నారల గ్లాస్ ఫైబర్ బిగువుగా చుట్టాను. స్టీల్ వూల్ మంటకి అడ్డు నిలబడుతుంది, కాబట్టి ఫైబర్ ఎక్కువ కాలం ఉంటుంది. వదులుగా కూరితే గ్యాస్ దాన్ని కొద్దికొద్దిగా లాక్కుపోతుంది. గ్లౌజులు, మాస్క్ లేకుండా ఈ పనికి కూర్చోవద్దు, దురద రెండు రోజులు వదలదు. పూర్తిగా వెల్డ్ చేసిన సైలెన్సర్ అయితే కోయాలి, మళ్లీ అతకాలి. అందుకే కొనేటప్పుడు నేను చివరి గొట్టం మెరుపు చూడను, మూత విప్పొచ్చా లేదా అని చూస్తాను. కార్బన్ ఫైబర్ అంచు, నీలి టిప్పు పెట్టి లోపల గుప్పెడు వూల్ కూరినవి బజార్లో బోలెడు, పైన పటారం లోన లొటారం.

స్టీలు విషయానికొస్తే, స్టెయిన్‌లెస్‌లో 409 రకం పైపైన తుప్పు రంగుకి తిరుగుతుంది గానీ చాలాకాలం మన్నుతుంది, 304 మెరుపు కూడా నిలుపుకుంటుంది. అయస్కాంతం పెడితే 409కి గట్టిగా అంటుకుంటుంది, 304కి దాదాపు అంటుకోదు, అతుకుల దగ్గర కొద్దిగా లాగొచ్చు. స్టెయిన్‌లెస్ అనే మాట ఒక్కటే చూసి కొనొద్దు, ఏ రకమో అడగాలి. లోపలి తుప్పుకి కారణం నీళ్లు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా వస్తుంది. బండిని పది నిమిషాలు నడిపి ఆపేస్తే అది సైలెన్సర్‌లోనే చల్లబడి నిలిచిపోతుంది. వారానికోసారైనా కాసేపు గట్టిగా వేడెక్కేలా నడపడం దానికి చేసే సేవ.

బిగింపులో రెండు సంగతులు. అన్ని జాయింట్లూ ముందు వదులుగా పెట్టి, గొట్టం బంపర్‌కి, ఇరుసు భాగాలకి తగలకుండా సర్ది, ఆ తర్వాత ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి. కొన్నాళ్లు వేడెక్కి చల్లబడ్డాక మళ్లీ ఒకసారి బిగించాలి. రబ్బర్లు సాగితే స్పీడ్ బ్రేకర్ మీద టక్‌మనే చప్పుడొస్తుంది, దాన్ని సస్పెన్షన్ అనుకుని అనవసరంగా టెన్షన్ పడతాం. రెండోది లీకు. టాప్ తీసి నడిపే కారులో వెనక సుడి తిరిగే గాలి పొగని సీట్లలోకి లాక్కొస్తుంది, అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు. ఫ్లాంజ్ (రెండు గొట్టాల్ని బోల్టులతో కలిపే అంచు) దగ్గర మసి చార కనిపిస్తే మధ్యలో ఉండే గ్యాస్కెట్ వెంటనే మార్చేయండి.

రేస్ ట్రాక్‌కి తీసుకెళ్లేవాళ్లు అక్కడి డెసిబెల్ పరిమితి ముందే కనుక్కోండి. నిలబెట్టి చేసే పరీక్షలో మైకుని గొట్టం చివరికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో పెడతారు. 3 డెసిబెల్స్ పెరిగితే ధ్వని శక్తి రెట్టింపయినట్టు, కాబట్టి పరిమితికి అంచున ఉన్న సైలెన్సర్ వూల్ కాలిపోయిన రోజున లోపలికి రానివ్వరు. నాది కొత్త వూల్‌తో సులువుగా పాసవుతుంది. మళ్లీ కొనాల్సి వస్తే ఇదే రకం, కాకపోతే డబ్బా ఇంకాస్త పెద్దది తీసుకుంటాను. రోజూ ఆఫీసుకి ఇదే బండిలో వెళ్లేవాళ్లైతే మాత్రం ఈ తలనొప్పి పెట్టుకోకండి, మంచి స్థితిలో ఉన్న ఒరిజినల్ దొరికితే అదే వేయించుకోండి.