పెళ్లి ఫోటోల డ్రైవులకు సైనాలజీ డీఎస్224 ప్లస్: వాడాక నా అభిప్రాయం

పెళ్లి ఫోటోలు తీసేవాళ్ల బీరువాలో పోర్టబుల్ హార్డ్ డిస్కులు ఎలా పేరుకుపోతాయో ఈ పనిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒక్కోదాని మీద పార్టీ పేరు, నెల రాసిన స్టిక్కరు, లోపల ఒకే ఒక్క కాపీ. ఆల్బం ఇచ్చేసిన కొన్నేళ్లకి, పెళ్లికూతురి నాన్నగారు పోయారు, ఆయన కన్యాదానం చేస్తున్న ఫోటో పెద్ద సైజులో కావాలి అని ఫోన్ వస్తుంది. అప్పుడు ఆ డిస్కు తెరుచుకోకపోతే వాళ్లకి ఏం చెప్తాం? ఆ టెన్షన్ తీరాలనే డీఎస్224 ప్లస్ అనే, నెట్‌వర్క్‌కి కలిపి ఫైళ్లు దాచుకునే సైనాలజీ కంపెనీ బాక్సు తీసుకున్నాను, అన్నీ కలిపి చూస్తే చిన్న స్టూడియోకి ఇది మంచి కొనుగోలే.

2023లో వచ్చిన రెండు డిస్కుల బాక్సు ఇది. ప్రాసెసర్ సెలెరాన్ జే4125, ర్యామ్ 2 జీబీ, బ్యాకప్ పనికి అది చాలు. నేను దీన్ని ఎంచుకుంది మాత్రం ముందువైపున్న యూఎస్‌బీ పోర్టు కోసం, దానికిచ్చిన కాపీ బటన్ కోసం. డ్రైవు గుచ్చి బటన్ నొక్కితే కంప్యూటర్ అవసరం లేకుండా కాపీ మొదలవుతుంది, అయిపోయాక దానంతట అదే ఎజెక్ట్ అయ్యేలా కూడా పెట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్ మీదుగా పంపితే గిగాబిట్ నెట్‌వర్క్‌లో సెకనుకి 110 ఎంబీ వస్తే గొప్ప, అంటే నిండుగా ఉన్న 4 టీబీ డ్రైవుకి ఎంత లేదన్నా 10 గంటలు. నేరుగా గుచ్చినా పోర్టబుల్ డిస్కు వేగమే అంతంత కాబట్టి టైమ్ పెద్దగా తగ్గదు, కానీ ఎడిటింగ్ సిస్టమ్ మన చేతిలో ఉంటుంది. సీజన్‌లో అదే పెద్ద లాభం.

ఇక్కడ ఒక సెట్టింగ్ గురించి గట్టిగా చెప్పాలి. యూఎస్‌బీ కాపీ అనే, బాక్సులోనే నడిచే ప్రోగ్రాంలో మూడు పద్ధతులున్నాయి. మిర్రరింగ్ పెడితే డ్రైవులో లేని ఫైలు ఇక్కడా తీసేస్తుంది, అంటే అసిస్టెంటు ఎవరైనా డ్రైవులో ఒక ఫోల్డర్ డిలీట్ చేసి మళ్లీ గుచ్చారంటే బ్యాకప్‌లోనూ ఆ పెళ్లి పోయినట్టే. మల్టీ వెర్షన్ పెడితే ప్రతిసారీ కొత్త ఫోల్డర్లో మొత్తం మళ్లీ కాపీ అవుతుంది, రా ఫైళ్ల (కెమెరా తీసిన అసలు ఫైళ్ల) సైజుకి డిస్కు ఇట్టే నిండిపోతుంది. మనకి పనికొచ్చేది ఇంక్రిమెంటల్ ఒక్కటే: కొత్తవీ మారినవీ చేరతాయి, పాతవి కదలవు. ఒక్కో డ్రైవుకి ఒక టాస్కు, ఒక ఫోల్డర్ పెట్టుకోండి, స్టిక్కరు మీదున్న పేరే ఫోల్డర్‌కీ పెడితే వెతుక్కోవడం తేలిక.

ఇంకొకటి, షేర్డ్ ఫోల్డర్ తయారుచేసేటప్పుడే డేటా చెక్‌సమ్ (ఫైలు పాడైందో లేదో సరిచూసే లెక్క) అనే చోట టిక్ పెట్టాలి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కుల మీద ఇది ఉంటే ఫైలు లోలోపల పాడైనా పట్టుకుని రెండో డిస్కులో నకలుగా ఉన్న మంచి కాపీతో సరిచేస్తుంది. తర్వాత పెట్టుకుందామంటే కుదరదు, ఫోల్డర్ కొత్తగా చేసుకోవాల్సిందే.

ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతుల్లో ఫార్మాట్ చేసిన డ్రైవులు చదువుతుంది. మ్యాక్‌లో ఏపీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేసినవి మాత్రం చదవదు, అవి మ్యాక్‌కి పెట్టి నెట్‌వర్క్ మీదే పంపాలి. మీ డ్రైవులు ఎక్కువగా అవే అయితే ఈ బటన్ కోసం డబ్బులు పెట్టకండి.

లోపల వేసే డిస్కులు సీఎంఆర్ (డేటా గీతలు విడివిడిగా రాసే) రకమో కాదో చూసి కొనండి, ఎస్‌ఎంఆర్ (గీతలు ఒకదాని మీదొకటి ఎక్కేలా రాసేవి) వద్దు. పాడైన డిస్కు మార్చాక రెండోదాంట్లోంచి మళ్లీ నింపే పని వాటితో చాలా నెమ్మదిస్తుంది. రెండు 8 టీబీ డిస్కులు వేస్తే చేతికొచ్చేది దాదాపు 7 టీబీయే, ఎందుకంటే రెండోది మొదటిదానికి నకలు, సిస్టమ్ లెక్కలో ఇంకొంత తగ్గుతుంది. యూపీఎస్ తప్పనిసరి. దాన్ని యూఎస్‌బీ కేబుల్‌తో బాక్సుకి కలిపితే కరెంటు పోయినప్పుడు పద్ధతిగా ఆగిపోతుంది, మన ఎండాకాలం కోతలకి అది లేకుండా నడపడం మంచిది కాదు.

దీని లోటల్లా నెట్‌వర్క్ పోర్టులే, రెండూ 1 గిగాబిట్. రా ఫైళ్లు నేరుగా దీని మీంచి ఎడిట్ చేద్దామనుకుంటే విసుగొస్తుంది, పైగా లైట్‌రూమ్ క్లాసిక్ అనే ఎడిటింగ్ ప్రోగ్రాం తన కేటలాగ్‌ని (ఫోటోల వివరాలు ఉంచే ఫైలుని) నెట్‌వర్క్ డ్రైవులో పెట్టనివ్వదు. ఎడిటింగ్ ఎస్‌ఎస్‌డీలో చేసి, అయ్యాక ఇక్కడికి తోయడమే దారి. 2025లో వచ్చిన డీఎస్225 ప్లస్‌లో ఒక పోర్టు 2.5 గిగాబిట్ ఇచ్చారు. నెలకి చాలా ఈవెంట్లు చేసేవాళ్లు రెండు డిస్కులతో ఆగకుండా నాలుగు డిస్కుల డీఎస్423 ప్లస్ లాంటిది చూసుకోవడం నయం.

ఇది కొన్నాక పోర్టబుల్ డ్రైవులన్నీ ఫార్మాట్ చేసి మళ్లీ వాడుకోవచ్చని కొందరు అనుకుంటారు, దయచేసి ఆ పని చేయకండి. బాక్సులోని రెండు డిస్కులూ ఒకే చోట ఉంటాయి, దొంగ ఎత్తుకెళ్లినా, షట్టర్ కింద నుంచి నీళ్లు వచ్చినా రెండూ పోతాయి. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట అని పీటర్ క్రో అనే ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క మన పనికోసం పుట్టిందే. సైనాలజీ వాళ్ల హైపర్ బ్యాకప్ అనే ప్రోగ్రాంతో ఇంకో పెద్ద డ్రైవులోకి కాపీ తీసి ఇంట్లో పెట్టండి.

కాపీలు అన్నిటికంటే పాత డ్రైవుతో మొదలుపెట్టండి, ఒక్కోటి అయ్యాక ప్రతి ఫోల్డర్లోంచీ నాలుగైదు ఫోటోలు తెరిచి చూసుకున్నాకే దాన్ని బీరువాలో పెట్టండి.