ఇటలీలో మా పెళ్లిరోజు: ప్లాన్ వేసి ఇచ్చిన ఆవిడ పని ఎలా ఉందంటే

2026 మే నెలలో మా పాతికేళ్ల పెళ్లిరోజుకి పెద్ద ఫంక్షన్ చేస్తామని పిల్లలిద్దరూ ఇప్పటికే చెప్పేశారు. అందుకే ఇరవై నాలుగోది మా ఇద్దరికే ఉంచుకోవాలనుకున్నాం. 2025 మే 2 నుంచి 13 దాకా ఇటలీలో ఉన్నాం, మొత్తం పదకొండు రాత్రులు. నేను తెనాలిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. మావారు బ్యాంకులో పనిచేస్తారు. ఇద్దరం కలిసి దేశం దాటడం ఇదే మొదటిసారి.

గ్రూప్ టూర్ వద్దనుకున్నాం. హైదరాబాద్‌లో ఇంటి నుంచే ట్రిప్పులు ప్లాన్ చేసి ఇచ్చే ఒకావిడ గురించి మా కొలీగ్ చెప్పింది. ఫీజు 15,000 రూపాయలు. హోటళ్లు, రైళ్లు, మ్యూజియం టికెట్లు అన్నీ మన కార్డుతో మనమే బుక్ చేసుకోవాలి. ఏది ఎప్పుడు కొనాలో, ఏ ఊళ్లో ఎన్ని రాత్రులు ఉండాలో ఆవిడ చెబుతారు, వెళ్లొచ్చే దాకా వాట్సాప్‌లో అందుబాటులో ఉంటారు. ఒక ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు.

మేం ముందు పంపిన లిస్టులో రోమ్, నేపుల్స్, పీసా, ఫ్లోరెన్స్, చింక్వె తెర్రె, వెనీస్, మిలాన్ ఉన్నాయి. యూట్యూబ్‌లో చూసినవన్నీ రాసేశాం. ఆవిడ ఆ లిస్టు గురించి మాట్లాడకుండా గంటన్నర సేపు మా గురించే అడిగారు. పొద్దున ఎన్నింటికి లేస్తారు, మోకాళ్ల నొప్పులున్నాయా, మీరేం పాఠం చెబుతారు, సార్ వాళ్లది ఏ ఊరు, తిండి విషయంలో పట్టింపులేమిటి. చివర్లో, "ఇద్దరూ ఏ పనీ లేకుండా ఒకచోట కూర్చుని ఎన్నాళ్లయింది మేడమ్?" అన్నారు. నేను మావారి వైపు చూశాను, ఆయన నా వైపు చూశారు. పిల్లల చదువులు, అత్తగారి ఆరోగ్యం, ఆయన బదిలీలు... ఇద్దరికీ గుర్తు రాలేదు.

నాలుగు రోజుల తర్వాత వచ్చిన ప్లాన్‌లో మా ఏడు పేర్లలో మూడే మిగిలాయి. రోమ్‌లో నాలుగు రాత్రులు, టస్కనీలో ఒక పొలంలో మూడు, ఫ్లోరెన్స్‌లో రెండు, వెనీస్‌లో రెండు. పీసా లేదని మావారు చాలా బాధపడ్డారు. "సార్, టవర్ దగ్గర మీరుండేది గంట. దానికి ఒక రోజు పోతుంది. ఆ రోజు పొలంలో ఉంటే నాకే థాంక్స్ చెబుతారు" అన్నారావిడ. పొలంలో గడిపే రోజుల్లో ఒకదానికి ఎదురుగా ఏమీ రాయలేదు, ఆ గడి ఖాళీగా వదిలేశారు. ఇంత ఫీజు తీసుకుని ఖాళీ గడి ఇవ్వడమేమిటని అప్పుడు నాకూ అనిపించింది. ఇప్పుడు అడిగితే, ఆ ఫీజంతా ఆ గడికే ఇచ్చానని చెబుతాను.

వీసా సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫిబ్రవరిలోనే హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ సెంటర్‌లో అప్లై చేయించారు. ఫీజు మనిషికి 90 యూరోలు, కనీసం 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఆవిడ ఇచ్చిన కాగితాల లిస్టు ప్రకారం వెళ్తే కౌంటర్ దగ్గర ఒక్క కాగితం కూడా వెనక్కి రాలేదు. కారు నడపాలంటే మన లైసెన్స్‌తో పాటు ఆర్టీవో ఆఫీసులో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలని మార్చిలోనే గుర్తు చేశారు.

ఏప్రిల్ 21న పోప్ ఫ్రాన్సిస్ కన్నుమూశారు. అసలే అది జూబిలీ సంవత్సరం, రోమ్‌కి జనం పోటెత్తుతున్నారు. కొత్త పోప్ ఎన్నిక కోసం వాటికన్ మ్యూజియంలో ఉండే సిస్టీన్ ఛాపెల్‌ని మూసేస్తున్నారని తెలిసిన రోజే ఆవిడ మా రోమ్ ప్లాన్ మార్చి పంపారు. వాటికన్ మ్యూజియం తీసేసి ఆ పూట వేరే చోట సర్దారు. ప్యాకేజీ టూర్‌లో అయితే ఈ మార్పు ఎవరు చేస్తారు?

రోమ్‌లో కొలోసియం చూశాం, టికెట్ 18 యూరోలు. టికెట్ మీద మన పేరు ఉంటుంది, పాస్‌పోర్ట్ చూపించాలి. గొప్ప కట్టడమే, కానీ దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పాల్సింది బోర్గేసే గ్యాలరీ గురించి. మా లిస్టులో దాని పేరే లేదు. నేను బోటనీ చెబుతానని విని ఆవిడే పెట్టారు. అక్కడ ముందుగా బుక్ చేసుకున్న రెండు గంటలే లోపల ఉండనిస్తారు. శిల్పి బెర్నీనీ చెక్కిన అపోలో, డాఫ్నీ పాలరాతి విగ్రహం ఒక గదిలో ఉంది. 1622లో మొదలుపెట్టి 1625లో పూర్తి చేశాడు. వెంటపడుతున్న అపోలో దేవుడి చేతికి చిక్కకుండా డాఫ్నీ అనే ఆ అమ్మాయి చెట్టుగా మారిపోయే క్షణం అది. చుట్టూ తిరిగి చూడాలి. వేళ్ల కొసల నుంచి ఆకులు పుడుతున్నాయి, కాలి వేళ్లు వేర్లై నేలలోకి దిగుతున్నాయి, తొడ మీదికి బెరడు ఎక్కుతోంది. ఆ ఆకులు ఎంత పలచగా ఉన్నాయంటే వెలుతురు వాటిలోంచి వస్తున్నట్టుంది. ఆ చెట్టు లారస్ నోబిలిస్, అంటే అక్కడి వంటల్లో వేసే బే ఆకు చెట్టు. మన బిర్యానీ ఆకు వేరే చెట్టుది, కుటుంబం మాత్రం ఒకటే. ఇరవై ఏళ్లుగా కుటుంబ లక్షణాలు బోర్డు మీద రాస్తున్నదాన్ని, ఒక ఆకు పుట్టడాన్ని రాతిలో చూసి ఏడ్చేశాను. మావారు ఏమీ అడగకుండా పక్కనే నిలబడ్డారు.

మే 6న రైల్లో క్యూసి స్టేషన్‌లో దిగి, అక్కడ కారు తీసుకున్నాం. స్టీరింగ్ ఎడమ వైపు, బండి నడిపేది కుడి వైపు. మొదటి అరగంట ఇద్దరికీ టెన్షనే. తర్వాత వాల్ దోర్చా లోయ మొదలైంది. 2004లో యునెస్కో జాబితాలో చేర్చిన ప్రాంతం ఇది. పచ్చని గోధుమ చేలు, మధ్యమధ్యలో ఎర్ర గసగసాల పూలు, గట్ల మీద వరసగా సైప్రెస్ చెట్లు. మా బస పియెంజా దగ్గర ఒక అగ్రితురిజ్మో. అంటే రైతు తన పొలంలోనే ఇంటి గదులు అద్దెకిచ్చే పద్ధతి. చట్టం ప్రకారం నిజంగా వ్యవసాయం చేసేవాళ్లే ఇది నడపాలి. మాకిచ్చిన గది కింద ట్రాక్టర్ షెడ్డు, వెనక ఆలివ్ తోట ఉన్నాయి.

ఖాళీ గడి ఎదురుగా ఉన్న తేదీ మే 8. మా పెళ్లిరోజు. పొద్దున్నే మావారు కనపడలేదు. కిటికీలోంచి చూస్తే చేలో ఆ రైతుతో పాటు గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఆయనకి ఇటాలియన్ రాదు, రైతుకి ఇంగ్లిష్ రాదు. ఇద్దరి చేతుల్లో మట్టి గడ్డలున్నాయి. మావారిది పొలాలున్న కుటుంబం, ఉద్యోగం వచ్చాక మూడెకరాలూ కౌలుకి ఇచ్చేశారు. ఆ బంకమట్టి నలిపి చూసి, "మన నల్లరేగడిలాగే ఎండితే పగుళ్లిస్తుందట" అన్నారు నేను వెళ్లగానే. ఎలా అర్థమైందని అడిగితే, రైతు నేల మీద గీతలు గీసి చూపించాడట. ఆయన ముఖంలో ఆ వెలుగు నేను చూసి చాలా ఏళ్లయింది.

సాయంత్రం వంటింట్లోకి పిలిచారు. ఆ ఇంటి పెద్దావిడ రాత్రి భోజనానికి పీచి చేస్తున్నారు. అది టస్కనీ పాస్తా. గోధుమపిండి, నీళ్లు, కొంచెం ఆలివ్ నూనె కలిపిన ముద్దని చపాతీలా వత్తి, పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని చెక్కబల్ల మీద అరచేతుల కింద పెట్టి మధ్య నుంచి కొసలకి దొర్లిస్తూ పోవాలి. సన్న తాడులా సాగుతుంది. నేను చూస్తూ నిలబడిపోయాను. వినాయక చవితికి మా అమ్మ పాలతాలికలు చేసేది సరిగ్గా ఇలాగే! పిండి బియ్యప్పిండి, తాలిక పొట్టిది, అంతే తేడా. నేను కూడా చేస్తానని చేతులు చూపించాను. మొదటి నాలుగు తెగిపోయాయి. మన తాలికలకి కొంచెం అదిమి దొర్లించినా పర్వాలేదు, దీనికి అదమకూడదు. ఆవిడ నా చేతుల మీద తన చేతులు పెట్టి, బరువు వేయకుండా దొర్లించడం చూపించారు. ఐదోది మూరెడు పొడవు వచ్చింది. ఆవిడ దాన్ని ఎత్తి అందరికీ చూపించారు.

మేం సగంలో ఉండగా టీవీలో తెల్లపొగ కనిపించింది, అంటే కొత్త పోప్ ఎన్నికయ్యారన్నమాట. పెద్దావిడ చేతులకి పిండితోనే టీవీ ముందు నిలబడి శిలువ గుర్తు వేసుకున్నారు. గంట తర్వాత పోప్ లియో 14 బాల్కనీలోకి వచ్చేసరికి ఇంట్లో ఎనిమిది మందిమి ఉన్నాం, పాస్తా నీళ్లు మరిగి మరిగి సగమయ్యాయి.

నేను శాకాహారిని. ఇటలీ చీజ్‌లలో చాలావాటికి దూడ పొట్టలోంచో గొర్రెపిల్ల పొట్టలోంచో తీసిన, పాలని గడ్డకట్టించే రెనెట్ వాడతారని, పియెంజాలో పేరుపడ్డ పెకొరీనో అనే గొర్రెపాల చీజ్ కూడా అడగకుండా తినొద్దని మా ప్లానర్ ముందే చెప్పారు. మాంసం, చేప, మాంసపు పులుసు, రెనెట్ ఉన్న చీజ్ తిననని ఇటాలియన్‌లో ఒక కార్డు రాసి పంపారు. ఆ కార్డు చదివి పెద్దావిడ నా ప్లేటులో చీజ్‌కి బదులు నూనెలో కరకరలాడేలా వేయించిన రొట్టె పొడి చల్లారు. చీజ్ కొనలేని రోజుల్లో ఇక్కడ ఇలాగే తినేవాళ్లట. టమాటా, వెల్లుల్లితో చేసిన సాస్ పైన ఆ పొడి. మావారు తన చీజ్ ప్లేటు పక్కన పెట్టి నాది తిన్నారు. అక్కడి రొట్టెలో మాత్రం ఉప్పు అసలు వేయరు, అది నాకు చివరిదాకా అలవాటు కాలేదు.

అదే వారం మన సరిహద్దులో దాడులు జరుగుతున్నాయి. రాత్రి ఫోన్ చేస్తే పిల్లల గొంతులో భయం వినపడేది. దుబాయ్ మీదుగా మా తిరుగు ఫ్లైట్ పరిస్థితి ఏమిటో మేం అడగకముందే ప్లానర్ రోజూ పొద్దున చూసి మెసేజ్ పెట్టేవారు. ఈ ఒక్క పనికి ఆవిడకి ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే.

ఇక ఫిర్యాదు. మే 9న ఫ్లోరెన్స్ వెళ్తూ దారిలో సియెనాలో భోజనం చేయమని ప్లాన్‌లో ఉంది. ఎక్కడ తినాలో రాశారు, కారు ఎక్కడ పెట్టాలో రాయలేదు. ఫోన్‌లో మ్యాప్ చూపిన దారిన వెళ్లాం. ఇటలీ పాత ఊళ్ల మధ్యలో చాలాచోట్ల పర్మిట్ లేని బండ్లు వెళ్లకూడదు. దాన్ని జెడ్‌టీఎల్ అంటారు. ఎర్ర అంచున్న తెల్ల గుండ్రటి బోర్డు, పైన కెమెరా, అంతే. గేటు ఉండదు, ఎవరూ ఆపరు. రెండు కెమెరాలు దాటాం, రెండు జరిమానాలు పడ్డాయి. ముందుగా కారు అద్దెకిచ్చినవాళ్లు మా వివరాలు పోలీసులకి ఇచ్చినందుకు కార్డులోంచి ఛార్జీ తీసుకున్నారు, ఆ తర్వాత సెప్టెంబరులో ఇంటికి నోటీసులు వచ్చాయి. అన్నీ కలిపి పాతిక వేలకి పైనే అయింది. ఇటలీ బయట ఉండేవాళ్లకి 360 రోజుల్లోపు ఎప్పుడైనా నోటీసు పంపవచ్చు కాబట్టి, ఏమీ రాలేదని నిశ్చింతగా ఉండొద్దు. పొలానికి వెళ్లే దారిలో ప్రతి మలుపూ రాసిన మనిషి ఈ ఒక్కటి ఎలా మరిచిపోయారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కారు తీసుకునేవాళ్లు ఊరి గోడ బయటే, నీలం గీతలున్న చోట డబ్బు కట్టి బండి పెట్టి, లోపలికి నడిచే వెళ్లండి. పసుపు గీతలున్నచోట పెట్టొద్దు.

ఫ్లోరెన్స్ రెండు రాత్రులు జనంలోనే గడిచాయి. ఉఫిజీ మ్యూజియంలో బొత్తిచెల్లీ గీసిన ప్రిమవేరా చిత్రం ముందు మాత్రం గంట నిలబడ్డాను. అందులో వందకు పైగా రకాల మొక్కలున్నాయి.

మే 11న వెనీస్ వెళ్లే దారిలో పాదువాలో దిగేలా ఆవిడ ప్లాన్ చేశారు. అక్కడి విశ్వవిద్యాలయం కోసం 1545లో పెట్టిన బొటానికల్ గార్డెన్ అదే చోట ఇప్పటికీ ఉంది. ఎనిమిది పలకల గాజు ఇంట్లో 1585లో నాటిన తాటి కుటుంబపు చెట్టు ఒకటి బతికే ఉంది. 1786లో జర్మన్ కవి గోథే దీన్ని చూశాకే, ఆకే రూపాలు మార్చుకుంటూ పువ్వు దాకా వెళ్తుందన్న ఆలోచన అతనిలో బలపడింది. ఆ పాఠం నేను ప్రతి ఏడూ చెబుతాను. ఆ చెట్టు ఫోటో ఇప్పుడు మా ల్యాబ్ గోడ మీద ఉంది.

వెనీస్‌లో ఆ ఆదివారం పగటి సందర్శకులు 5 యూరోలు, ఆలస్యంగా బుక్ చేస్తే 10 కట్టాల్సి వచ్చింది. రాత్రి బస చేసేవాళ్లకి ఫీజు లేదు కానీ మినహాయింపు కోడ్ తీసుకోవాల్సి ఉండేది, అది ఆవిడ ముందే తీయించారు. గొండోలా పడవకి అరగంటకి 90 యూరోలు. దాని బదులు త్రగెత్తో ఎక్కమన్నారు. అదీ గొండోలానే, గ్రాండ్ కెనాల్‌ని అడ్డంగా దాటిస్తుంది, మనిషికి 2 యూరోలు. మేం నాలుగుసార్లు దాటాం.

విమానం టికెట్లు, వీసాలు అన్నీ కలిపి ఇద్దరికీ దాదాపు ఆరున్నర లక్షలు అయింది.

జరిమానా నోటీసుల ఫోటోలు పంపగానే ఆవిడ ఫోన్ చేసి క్షమాపణ చెప్పారు. నేను అడగకపోయినా ఫీజులో 5,000 వెనక్కి పంపారు. మా ఆడపడుచు వాళ్లు సెప్టెంబరు ప్రయాణానికి ఇప్పుడు ఆవిడతోనే ప్లాన్ చేయించుకుంటున్నారు. వాళ్లకి వచ్చిన ఫైలు తెరిచి చూశాను. మొదటి పేజీలోనే జెడ్‌టీఎల్ బోర్డు బొమ్మ, ఏ ఊళ్లో కారు ఎక్కడ ఆపాలో మ్యాపులు ఉన్నాయి. ఐదో రోజు గడి ఖాళీగా ఉంది. అదేమిటి వదినా, ఇక్కడ ఏమీ రాయలేదు అని ఆడపడుచు అడిగింది. అలాగే ఉండనీ అన్నాను.