పాప అన్నానికి స్టీలు ఫ్లాస్కు డబ్బా: మూడేళ్ల వాడకం తరువాత

మా పాపకు ఎనిమిదో నెల వచ్చినప్పుడు కొన్న అర లీటరు స్టీలు ఫ్లాస్కు డబ్బాను మూడేళ్లుగా దాదాపు ప్రతి పనిదినమూ వాడుతున్నాను. విజయనగరం నుంచి రాజాం బస్సులో ఉద్యోగానికి వెళ్తూ పాపను చీపురుపల్లిలో మా అమ్మ దగ్గర దింపుతాను. మోకాళ్ల నొప్పుల వల్ల అమ్మ పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు కాబట్టి ఉదయం ఏడింటికి నేను వండిన మెత్తని పప్పన్నమో, చోడి అంబలో పాప పదకొండింటికి తినాలి.

మొదట్లో హాట్‌ప్యాకులో పంపేదాన్ని. పదకొండింటికి మూత తీస్తే అన్నం గోరువెచ్చగా ఉండేది, అదే మంచిదనుకునేవాళ్లం. ఒకరోజు అది తిన్న సాయంత్రం పాపకు వాంతులు పట్టుకున్నాయి. కారణం ఆ అన్నమేనని రుజువు చేయలేను గానీ, 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయని, వండిన పదార్థాన్ని ఆ స్థితిలో రెండు గంటలకు మించి ఉంచరాదని పిల్లల వైద్యురాలు వివరించారు. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా నిలిస్తే అవి మొలకెత్తి విడిచే విషం మళ్లీ వేడిచేసినా పోదు. ఇది తెలిశాక నాకు భయం వేసింది.

ఈ డబ్బా కొన్నాక వంటింటి థర్మామీటరుతో పలుమార్లు కొలిచాను. మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు మూసి ఉంచి, వాటిని పారబోసి, పొగలు కక్కే అన్నాన్ని అంచుదాకా నింపితే నాలుగు గంటల తరువాత 66 డిగ్రీలు ఉంది. నీళ్లతో వేడిచేయకుండా సగం నింపిన రోజున మాత్రం 53కు పడిపోయింది. పెట్టె మీద పన్నెండు గంటల వేడి అని రాసి ఉన్నా, పసిపిల్లల ఆహారం విషయంలో నేను దానిని నమ్మను. నాలుగు గంటలే నా హద్దు. పెరుగన్నం, పోతపాలు ఇందులో ఎన్నడూ పెట్టలేదు. అమ్మ శుభ్రమైన గరిటెతో కావలసినంత పళ్లెంలోకి తీసి, చల్లార్చి తినిపిస్తుంది, పళ్లెంలో మిగిలినది పారేస్తుంది. ఎంగిలి చెంచా డబ్బాలో పెట్టనివ్వదు, ఈ పట్టింపు నాకంటే ఆమెకే ఎక్కువ.

లోపం మూతలోని రబ్బరు వాషరులో ఉంది. దానిని రోజూ ఊడదీసి తోమకపోతే అడుగున అంబలి చేరి పులిసిన వాసన వస్తుంది. రెండో ఏడు దాటాక అది సాగిపోయి వేడి నిలవలేదు. తయారీదారు వాషరును విడిగా అమ్మకపోవడంతో మూత మొత్తం కొనవలసి వచ్చింది. ఏడాదిలోపు బిడ్డ తినేది కొంచెమే కాబట్టి, ఇప్పుడైతే అంచుదాకా నిండేలా 300 మిల్లీలీటర్ల డబ్బానే ముందు కొనేదాన్ని.