కాండోర్ ఎగిరే తీరు చూడాలంటే పినకిల్సా, నవాహో బ్రిడ్జా?

కాలిఫోర్నియాలోని మా బే ఏరియా స్నేహితులు సెలవులు దగ్గరపడగానే అడిగే ప్రశ్న ఇది. కాలిఫోర్నియా కాండోర్లనే భారీ రాబందుల కోసం ఇక్కడి పినకిల్స్ పార్కుకి వెళ్లాలా, ఎలాగూ గ్రాండ్ కాన్యన్ ప్లాన్ ఉంది కాబట్టి ఆరిజోనాలోని నవాహో బ్రిడ్జి దగ్గర చూసేస్తే సరిపోతుందా అని. నేను రెండు చోట్లకీ వెళ్లాను.

పక్షిని దగ్గరగా చూస్తే చాలనుకుంటే నవాహో బ్రిడ్జికే వెళ్లండి. కొలరాడో నదికి 467 అడుగుల ఎత్తున ఉంటుంది. 1929 నాటి పాత వంతెన మీద ఇప్పుడు కార్లు తిరగవు, హాయిగా నడవొచ్చు. కాండోర్లు వంతెనల ఉక్కు దూలాల మీద వాలతాయి. రెక్కకు కట్టిన నంబరు బైనాక్యులర్స్ లేకుండానే చదివాను. 1982లో ఈ జాతిలో మిగిలినవి 22 పక్షులే. ఆ సంగతి తెలిసి ఆ నంబరు చూస్తుంటే గొంతు పట్టేసింది. కాకపోతే వాలిన పక్షి గంటల తరబడి కదలదు. లేచినా లోయ మలుపు తిరిగి కనుమరుగైపోతుంది.

ఎగిరే తీరు చూడాలంటే మనం దానికి సమానమైన ఎత్తులో ఉండాలి. నా లెక్కలో తేల్చేది ఇదొక్కటే. కింద నుంచి చూస్తే ఆకాశంలో నల్లటి నీడే కనిపిస్తుంది. పినకిల్స్‌లో హై పీక్స్ దారి ఎక్కితే ఆ ఎత్తు దొరుకుతుంది. రాతిలో చెక్కిన మెట్లు, ఇనుప రెయిలింగ్, నిలువు ఎక్కుడు. కష్టమే, కానీ ఉదయం ఎండ ముదరకముందే పైకి చేరుకోండి. బండలు వేడెక్కి గాలి పైకి లేచేదాకా ఇంత బరువైన పక్షికి ఎగరడం కష్టం. తొమ్మిది కిలోల ఒళ్లు, తొమ్మిదిన్నర అడుగుల రెక్కలు మరి.

నా ఎదురుగానే ఒకటి లేచింది. రెక్కలు పలకలా చాచి, చివరి ఈకలు వేళ్లలా విడదీసి, ఒక్కసారీ ఆడించకుండా చుట్లు తిరుగుతూ పైకి పోయింది. గాలి విసురు తగిలినప్పుడల్లా తోక కొంచెం వాలేది, అంతే. దగ్గరగా వచ్చినప్పుడు ఈకల్లోంచి గాలి కోసుకుపోయే చప్పుడు వినిపించింది. పక్కనే టర్కీ వల్చర్ అనే చిన్న రాబందు రెక్కలు పైకెత్తి అటూ ఇటూ ఊగుతోంది. తేడా అక్కడే తెలిసిపోయింది. దీని దక్షిణ అమెరికా చుట్టం ఆండియన్ కాండోర్‌కి పరికరాలు కట్టి చూస్తే, గాల్లో ఉన్న సమయంలో రెక్కలాడించింది 1 శాతమేనట. ఒకటైతే ఐదు గంటలకు పైగా ఒక్కసారీ ఆడించకుండా 170 కిలోమీటర్లు వెళ్లిందని 2020లో ప్రచురించారు. ఆ చుట్లు కళ్లారా చూశాక నమ్మబుద్ధయింది.

కాలిఫోర్నియా తీరంలోని బిగ్ సర్, యూటాలోని జయాన్ పార్కులో కూడా కాండోర్లు కనిపిస్తాయి గానీ అదృష్టం ఉండాలి.

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్తే హై పీక్స్ వద్దు. తూర్పు గేటు వైపు క్యాంప్‌గ్రౌండ్ దగ్గర సాయంత్రం కూర్చోండి. రాత్రికి చెట్లు చేరడానికి వచ్చే కాండోర్లు వెనక గుట్ట మీద తిరుగుతుంటాయి. గేటు విషయం మరిచిపోవద్దు, పడమటి వైపు నుంచి అక్కడికి పార్కు లోపల రోడ్డు లేదు.