యాంటీహీరోను అర్థం చేసుకోవడానికి ‘కన్యాశుల్కం’

ఆదర్శ గుణాలేవీ లేకపోయినా ప్రేక్షకుణ్ణి తన వెంట తిప్పుకునే పాత్రను యాంటీహీరో అంటున్నాం. అలాంటి పాత్ర లోగుట్టు తెలుసుకోగోరేవారు ముందుగా చదవవలసిన తెలుగు పుస్తకం నా దృష్టిలో గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’. 1892లో విజయనగరంలో ప్రదర్శించి 1897లో అచ్చువేసిన ఈ నాటకాన్ని ఆయన బాగా పెంచి, మార్పులు చేసి 1909లో మళ్ళీ ప్రచురించారు. ఇందులోని యాంటీహీరో, మనకు అలవాటైన గిరీశం, ఈ రెండవ కూర్పులోనివాడే.

సంతలో సామాను కొనిపెడతానని, డబ్బుకు భోజనం పెట్టి బతికే విధవ పూటకూళ్ళమ్మ దగ్గర తీసుకున్న ఇరవై రూపాయలను తన సరదాలకు ఖర్చుపెట్టేసిన సంగతి నాటకం మొదట్లోనే గిరీశం తన నోటితో చెప్పేస్తాడు. అతని మోసాన్ని రచయిత మననుంచి దాచలేదు. అయినా ఆ మాటల జోరుకు లోబడి, తీర్పు చెప్పవలసిన మనమే నవ్వుతూ అతని పక్షాన చేరిపోతాం. శిష్యుడు వెంకటేశానికి వినిపించే ‘ది విడో’ అనే ఇంగ్లీషు పద్యాన్ని మాత్రం నవ్వుకుని వదిలేయకూడదు. అందులో తెల్లవారుజామున నాలుగింటికే లేచి ఇల్లు ఊడ్చే విధవను చూస్తే నాకు పూటకూళ్ళమ్మే గుర్తుకొస్తుంది. ఆమె చాకిరీని అంత స్పష్టంగా చూడగలిగిన కళ్ళే ఆమె డబ్బు కాజేయడానికి వెనకాడవు.

1881లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించిన తరువాత సంస్కరణ భాషకు గౌరవం పెరిగింది. గిరీశం, వెంకటేశం అక్క అయిన బాలవితంతువు బుచ్చమ్మ దగ్గర ఆ భాషనే వాడుకుంటాడు. వితంతువుకు మళ్ళీ పెళ్ళి కావాలన్నది న్యాయమైన మాటే, కాని చెబుతున్నవాడు నమ్మదగినవాడు కాడు. మాటను ఒప్పుకుంటూ మనిషిని అనుమానించవలసిన ఈ ఇరకాటంలో పాఠకుణ్ణి నిలబెట్టడమే గురజాడ గారి గొప్పతనం. చివరికి వేశ్య మధురవాణి వల్ల, సంస్కర్త అయిన వకీలు సౌజన్యారావు పంతులు ఎదుట తన గుట్టు బయటపడి, బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు జరిగినా, గిరీశం నోట వచ్చేది ‘డామిట్, కథ అడ్డంగా తిరిగింది’ అన్న మాటే. పశ్చాత్తాపం మచ్చుకైనా లేదు. బాల్యంలో తగిలిన గాయాన్ని చూపించో, ఆఖరి రీలులో ప్రాణత్యాగం చేయించో ఇటువంటి పాత్రను శుద్ధి చేసే సినిమా కథకులు ఈ ముగింపును శ్రద్ధగా చదవాలి.

ఏడంకాల నాటకం కావడంతో నిడివి భారంగా అనిపించే మాట నిజమే. మధ్య అంకాల్లో కథ చిన్నపిల్లను పెళ్ళాడబోయే పిసినారి ముసలివాడు లుబ్ధావధాన్లు, జిత్తులమారి రామప్పంతుళ్ళ చుట్టూ తిరగడంతో గిరీశం కోసం చాలాసేపు ఎదురుచూడవలసి వస్తుంది. 1955లో పి. పుల్లయ్య గారు తీసిన చిత్రంలో గిరీశంగా ఎన్.టి. రామారావు గారిని చూడటం వేరే అనుభవం. అయితే తారల మీది అభిమానం ముందే మనసును ఒకవైపుకు మొగ్గేలా చేస్తుంది కాబట్టి, పుస్తకం చదివాకే సినిమా చూడమని నా సలహా. కొనేటప్పుడు సంక్షిప్త ప్రతి కాకుండా 1909 పాఠం పూర్తిగా ఉన్నదీ, విజయనగరం ప్రాంతపు పాత మాటలకు అర్థాలిచ్చినదీ ఎంచుకోవాలి.